గీజర్ పోయింది... లెక్క మొదలైంది!

అద్దె ఇంట్లో వేడినీళ్లకు ఏది కొనాలి? ఇంటర్నెట్‌లో రివ్యూలు చదివే ముందు ఓ కాగితం, పెన్ను తీసుకోండి. కరెంటు బిల్లు తగ్గుతుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత ప్రాజెక్టు కూడా దొరుకుతుంది.

2022 డిసెంబరు. కూకట్‌పల్లిలో ముగ్గురం కలిసి అద్దెకు ఉంటున్న పోర్షన్. నేను బీటెక్ పూర్తిచేసి ఏడాదిన్నర. చేతిలో ఉద్యోగం లేదు, నెలకో రెండు ఇంటర్వ్యూలు, రాత్రిళ్లు బ్లాగులో ఫోన్ల రివ్యూలు. మిగతా ఇద్దరిలో ఒకడు మెకానికల్, ఇంకొకడు బీకాం. ఓ ఉదయం బాత్‌రూమ్‌లో గీజర్ కింద నుంచి తుప్పు రంగు నీళ్లు బొట్లు బొట్లుగా కారడం మొదలైంది. సాయంత్రానికి అది ధార అయింది. మెకానిక్ వచ్చి మూత తీసి చూసి, ‘ట్యాంకే పోయిందన్నా, బాగు చేసేది లేదు’ అని తేల్చేశాడు.

కొత్తది కొనే దాకా ఎలా? కింది షాపులో ఇమ్మర్షన్ రాడ్ తెచ్చుకున్నాం. రెండో రోజే మా మెకానికల్ మిత్రుడు, నీళ్లు కాగాయో లేదో చూద్దామని, స్విచ్ ఆపకుండా బకెట్‌లో వేలు పెట్టాడు. షాక్‌కి వెనక్కి ఎగిరిపడ్డాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి మోచేతికి దెబ్బతో బయటపడ్డాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే ప్లగ్ పాయింట్ విప్పి చూపించాడు. మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఎర్తింగ్ లేని ఇంట్లో ఏడాదిగా స్నానాలు చేస్తున్నామన్నమాట.

నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివాం. థర్మోడైనమిక్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి. అయినా మా బాత్‌రూమ్‌లో ఏముందో మాకే తెలియదు. ఆ రోజు సిగ్గుపడి మొదలుపెట్టిన లెక్క ఇది. మీలో చాలామంది కోచింగ్ కోసమో, ఉద్యోగం వెతుక్కుంటూనో అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో ఉంటారు కాబట్టి మీకూ పనికొస్తుంది.

ఒక బకెట్‌కి ఎన్ని యూనిట్లు?

ముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుందాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.186 కిలోజౌళ్లు కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 3600 కిలోజౌళ్లు. 3600ని 4.186తో భాగిస్తే 860 వస్తుంది. కాబట్టి:

నీటి లీటర్లు × పెరగాల్సిన డిగ్రీలు ÷ 860 = కావాల్సిన యూనిట్లు.

ఆ చలికాలంలో పొద్దున్నే మా ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు దాదాపు 20 డిగ్రీలు ఉండేవి. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 20 లీటర్ల బకెట్‌ను 20 డిగ్రీలు వేడెక్కించాలి. 20 × 20 ÷ 860, అంటే 0.465. సుమారు అర యూనిట్. ముగ్గురికి రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42.

ఇక్కడ గమనించాల్సిన సంగతొకటి ఉంది. ఈ 42 యూనిట్లు రాడ్ పెట్టినా, చిన్న ఇన్‌స్టంట్ గీజర్ పెట్టినా, పెద్ద స్టోరేజ్ గీజర్ పెట్టినా మారవు. కరెంటు కాయిల్‌తో నీళ్లు కాచే ఏ పరికరమైనా తీసుకున్న కరెంటును దాదాపు మొత్తం వేడిగానే మారుస్తుంది. ‘మా కాయిల్ తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది’ అని షాపులో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. మరి తేడా ఎక్కడ? కాగిన నీళ్లు వాడకుండా నిలవ ఉన్నప్పుడు పోయే వేడిలో.

స్టార్ చెప్పేదేంటి?

స్టోరేజ్ గీజర్ మీద ఉండే బీఈఈ స్టార్ లేబుల్‌ను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నేనూ అంతే. ఐదు స్టార్లంటే నీళ్లు తక్కువ కరెంటుతో కాగుతాయనుకున్నా. అసలు అక్కడ కొలిచేది ‘స్టాండింగ్ లాస్’. ట్యాంకులోని నీటికీ బయటి గాలికీ 45 డిగ్రీల తేడా ఉంచి, నీళ్లు వాడకుండా 24 గంటలు వదిలేస్తే, ఆ వేడిని నిలబెట్టడానికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయన్నదే లేబుల్ మీది అంకె. అది ఎంత తక్కువైతే అన్ని ఎక్కువ స్టార్లు. ట్యాంకు చుట్టూ నింపే ఫోమ్ ఎంత బాగుంటే నష్టం అంత తక్కువ. ఫ్లాస్క్‌లో టీ, గ్లాసులో టీ తేడానే ఇదీ.

అంటే స్టార్ మీకు వేడినీళ్లను చవగ్గా ఇవ్వదు. వేడినీళ్లు మీ కోసం ఎదురుచూడటాన్ని చవక చేస్తుంది. ఉదయం స్విచ్ వేసి, స్నానాలయ్యాక ఆపేసేవాళ్లకు ఐదు స్టార్లకూ మూడు స్టార్లకూ బిల్లులో తేడా పెద్దగా కనిపించదు. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లకు మాత్రం బాగా కనిపిస్తుంది. మేం రెండో రకం. ఎవరు ఎప్పుడు లేస్తారో తెలియదని గీజర్ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేది.

15 యూనిట్లు... 292 రూపాయలు

‘రోజుకు అర యూనిట్ పోతే పోయింది, నెలకు 15 యూనిట్లే కదా’ అని మా బీకాం మిత్రుడు కొట్టిపారేశాడు. ఆ తర్వాత కరెంటు బిల్లు తీసి స్లాబులు చదివి కళ్లు తెరిపించిందీ వాడే. అప్పటి మా బిల్లు ప్రకారం నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు రూ.3.40, తర్వాతి 100కు రూ.4.80 చొప్పున. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 పడుతుంది. ఆపైన యూనిట్‌కు రూ.7.70.

మా ఇంట్లో ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్, లాప్‌టాప్‌లు, లైట్లు అన్నీ కలిపి సుమారు 150 యూనిట్లు. స్నానాల నీళ్లకు 42. మొత్తం 192. ఎనర్జీ ఛార్జీలు రూ.781.60. గీజర్‌ను రోజంతా ఆన్‌లో ఉంచి, దాని స్టాండింగ్ లాస్ రోజుకు అర యూనిట్ అనుకుంటే 192 కాస్తా 207 అవుతుంది. అప్పుడు ఛార్జీలు రూ.1,073.90. పెరిగింది 15 యూనిట్లే, కట్టాల్సింది మాత్రం రూ.292 ఎక్కువ. అంటే ఆ యూనిట్లు ఒక్కొక్కటి మాకు 19 రూపాయలకు పైనే పడ్డాయి. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ఇతరాలు దీనికి అదనం.

రేట్లు మారుతుంటాయి, ఆంధ్రప్రదేశ్ స్లాబులు వేరు. మీ బిల్లులోని రేట్లతో లెక్క వేసుకోండి. ‘ఎన్ని యూనిట్లు ఆదా’ అన్నదానితో పాటు ‘ఆ యూనిట్లు ఏ స్లాబు అంచున ఉన్నాయి’ అన్నది కూడా చూడాలి. తెలంగాణలో గృహజ్యోతి వర్తించే ఇళ్లకైతే 200 గీత ఇంకా ముఖ్యం. అది దాటితే సున్నా బిల్లు ఉండదు.

కొనేది ఒకరు, కట్టేది ఇంకొకరు

ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే, ‘సరే బాబూ, ఉన్నదాంట్ల చవకది పెట్టిస్త’ అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే తప్పులేదు. కొనేది ఆయన, బిల్లు కట్టేది మేం. మంచిది కొంటే లాభం మాకు, ఖర్చు ఆయనకు. ఎకనామిక్స్‌లో దీన్ని ‘స్ప్లిట్ ఇన్సెంటివ్’ సమస్య అంటారు. పొదుపైన పరికరాలు అద్దె ఇళ్లలోకి రాకపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఇది మన దగ్గరే కాదు. ఎంఎస్‌కి బ్రిటన్ వెళ్లేవాళ్లకు అక్కడ ఇంటిని వెచ్చగా ఉంచే హీటింగ్ బిల్లు రూపంలో ఇదే సమస్య ఎదురవుతుంది. అందుకే అక్కడ అద్దెకిచ్చే ఇంటికి ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు ఎనర్జీ రేటింగ్ సర్టిఫికెట్ ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో మినహాయింపులు పోగా ‘ఈ’ కన్నా తక్కువ రేటింగ్ ఉన్న ఇంటిని అద్దెకివ్వకూడదు. గది చూసుకునేటప్పుడు అద్దెతో పాటు ఆ సర్టిఫికెట్ కూడా అడగండి.

మన దగ్గర? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటి మరమ్మతులను రెండుగా విభజించింది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, అవసరమైనప్పుడు ఇంటి వైరింగ్ చూడాల్సింది యజమాని. గీజర్, స్విచ్‌లు, సాకెట్ల మరమ్మతులు అద్దెకున్నవారి బాధ్యత. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది. కానీ మాట్లాడటానికి మంచి ఆధారం. ‘అంకుల్, ఎర్తింగ్ లేక మావాడికి షాక్ కొట్టింది. వైరింగ్ మీరు చేయించండి. చవక గీజర్‌కు మీరు పెట్టాలనుకున్న డబ్బు మీరివ్వండి, మంచిదానికి అయ్యే తేడా మేం వేసుకుంటాం. ఖాళీ చేసినప్పుడు గీజర్ మీ దగ్గరే ఉంటుంది’ అని చెప్పాం. ఓ క్షణం ఆలోచించి ‘గట్లయితే సరే’ అన్నారు. ఆ మాటల్నే వాట్సప్‌లో రాసి పంపి, ఆయన ‘ఓకే’ అన్నది దాచుకున్నాం. మీరూ తప్పకుండా అలా చేయండి. అడ్వాన్స్ తిరిగి తీసుకునే రోజు అదే కాపాడుతుంది.

ఏది ఎవరికి?

ఇమ్మర్షన్ రాడ్: చాలా చవక. ఖాళీ చేసినప్పుడు సంచిలో వేసుకుని వెళ్లొచ్చు. నిలవ నష్టం ఉండదు. 1500 వాట్ల రాడ్‌తో 20 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు 19 నిమిషాలు. లోపం కరెంటు ఖర్చులో కాదు, ప్రాణభయంలో. ఐఎస్ఐ మార్కు, ఎర్తింగ్ ఉన్న పాయింట్, ప్లాస్టిక్ బకెట్ ఉండాలి. ప్లగ్ తీశాకే నీళ్లు ముట్టుకోవాలి. ఈ నాలుగింట్లో ఒక్కటి లేకపోయినా వద్దు.

ఇన్‌స్టంట్ గీజర్: మూడు లీటర్ల ట్యాంకు, సాధారణంగా 3 కిలోవాట్లు. నిలవ నష్టం స్వల్పం. కానీ వచ్చే వేగం తక్కువ. నీళ్లను 20 డిగ్రీలు వేడి చేయాలంటే నిమిషానికి రెండు లీటర్లకు కాస్త ఎక్కువగా మాత్రమే ఇవ్వగలదు. బకెట్ నిండటానికి తొమ్మిది నిమిషాల పైనే. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కి పెడితే అది కాలిపోతుంది. 16 ఆంపియర్ల పవర్ పాయింట్ ఉండాల్సిందే. ఒకరిద్దరు ఉండే గదికి ఇది మంచి ఎంపిక.

స్టోరేజ్ గీజర్: 15 లీటర్లను 20 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 0.7 యూనిట్. 2 కిలోవాట్ల కాయిల్‌కు 21 నిమిషాలు. ఆ 15 లీటర్లను చల్లనీళ్లతో కలిపితే 40 డిగ్రీల నీళ్లు 30 లీటర్లు వస్తాయి. అంటే ఒకటిన్నర బకెట్. ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే, మధ్యలో అది మళ్లీ కాగుతూనే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. నలుగురైదుగురు ఉండి అంతా ఒకేసారి బయల్దేరాలంటే 25 లీటర్లు చూడాలి.

గ్యాస్ గీజర్: వేగంగా ఇస్తుంది. కానీ గాలి ఆడని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఊపిరాడనట్టు తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. చలికాలంలో బాత్‌రూమ్‌లలో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. తలుపు, కిటికీ మూసుకుని స్నానం చేసే గదిలో దీన్ని ఎప్పుడూ పెట్టకూడదు. అద్దె ఇంట్లో పొగ గొట్టం కోసం గోడకు కన్నం పెట్టే స్వేచ్ఛ మనకుండదు కాబట్టి మేం దీన్ని మొదటే కొట్టేశాం.

సోలార్: ఎండలు పుష్కలంగా ఉండే మన ప్రాంతానికి బాగా సరిపోతుంది. కానీ టెర్రస్ ఓనర్‌ది, పైపులు కిందిదాకా వేయాలి. అద్దెకున్నవాళ్లు నిర్ణయించేది కాదు, ఓనర్‌ని ఒప్పించగలిగేది మాత్రమే.

హీట్ పంప్: ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది. బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుంది. ఒక యూనిట్ కరెంటు తీసుకుని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మా 42 యూనిట్లు 14 అయ్యేవి. నెలకు 28 యూనిట్లు మిగులు. వినడానికి అద్భుతం. కానీ ధర వేలల్లో కాదు, పదుల వేలల్లో. మాది 11 నెలల అగ్రిమెంటు. యూనిట్ 5 రూపాయలు అనుకున్నా నెలకు రూ.140 ఆదా, అదీ చలికాలంలోనే. లెక్క అక్కడే ఆగిపోయింది.

ఇదే లెక్కను 60 మంది ఉండే హాస్టల్‌కి వేసి చూడండి. రోజుకు 60 బకెట్లంటే కాయిల్ గీజర్లతో దాదాపు 28 యూనిట్లు. హీట్ పంప్‌తో తొమ్మిది, పది. నెలకు 550 యూనిట్లకు పైగా తేడా. మా ముగ్గురికి దండగైన యంత్రం అక్కడ లాభసాటి కావచ్చు. ఏది పొదుపు అన్నది యంత్రాన్ని బట్టి కాదు, దాన్ని ఎవరు, ఎంత, ఎన్నాళ్లు వాడతారన్నదాన్ని బట్టి తేలుతుంది.

మేం ఏం కొన్నాం?

15 లీటర్లు, 2 కిలోవాట్లు, ఐదు స్టార్ల స్టోరేజ్ గీజర్. మావి బోరు నీళ్లు. బకెట్ అంచున తెల్లగా పెచ్చు కట్టేవి. కాయిల్ మీద ఆ పెచ్చు పేరుకుంటే నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది, కాయిల్ త్వరగా కాలిపోతుంది. అందుకే స్టార్లతో పాటు ట్యాంకు లోపలి పూత, ట్యాంకు వారంటీ చూశాం. ట్యాంకు లోపల మెగ్నీషియం ఆనోడ్ రాడ్ ఉంటుంది. తుప్పు ట్యాంకును తినకుండా ముందు అది కరిగిపోతుంది. పాత గీజర్‌లో దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ మార్చలేదని మెకానిక్ చెప్పాడు. అది పూర్తిగా కరిగాక తుప్పు ట్యాంకును పట్టింది. కెమిస్ట్రీలో చదువుకున్న ‘శాక్రిఫిషియల్ ప్రొటెక్షన్’ కళ్లముందు కనిపించింది. సర్వీసింగ్‌కి వచ్చినప్పుడు ఈ రాడ్ చూడమని అడగండి.

చవక మోడల్‌కీ దీనికీ తేడా సొమ్మును ముగ్గురం పంచుకున్నాం. ఓనర్ ఎర్తింగ్ వేయించారు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించారు. వైర్లలో వెళ్లే కరెంటుకీ తిరిగొచ్చే కరెంటుకీ తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేసే పరికరం అది. నన్నడిగితే, మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది అదే.

ఇక అలవాటు. తలుపు మీద కాగితం అంటించాం: ‘ఉదయం 6.30కి ఆన్, చివరివాడు ఆఫ్.’ థర్మోస్టాట్‌ను కొంచెం తగ్గించాం. వేడి తగ్గితే నిలవ నష్టం, పెచ్చు రెండూ తగ్గుతాయి. నెల మొదట్లో, చివర్లో మీటర్ ఫొటో తీశాం. జనవరి వాడకం 188 యూనిట్లు. లెక్కలో వేసుకున్న 192కు దగ్గరగానే వచ్చింది. ఆ రోజు కలిగిన సంతోషం సెమిస్టర్ ల్యాబులో ఎప్పుడూ కలగలేదు.

‘పైపు సంగతేంటి?’

ఫిబ్రవరిలో భవనాల నిర్వహణ చూసే ఓ సంస్థలో ఇంటర్వ్యూ. ‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అన్నారు. మామూలుగా అయితే ఫైనలియర్ ప్రాజెక్టు చెప్పేవాణ్ని. నిజం చెప్పాలంటే అందులో నేను చేసింది తక్కువ. అందుకే ఎవరైనా లోతుగా అడిగితే తడబడేవాణ్ని. ఈసారి గీజర్ కథ చెప్పాను. ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దాయన కుర్చీలో ముందుకు జరిగారు. 860 ఎక్కడి నుంచి వచ్చింది? స్టార్ దేన్ని కొలుస్తుంది? అన్నీ చెప్పాను. చివరికి, ‘గీజర్ నుంచి కుళాయి దాకా ఉన్న పైపులో నిలిచిపోయే వేడినీళ్ల సంగతేంటి?’ అన్నారు.

అది నా లెక్కలో లేదు. ‘మర్చిపోయాను సర్. పైపు పొడవు, వ్యాసం తెలిస్తే ఎన్ని లీటర్లో చెప్పొచ్చు’ అని, అక్కడే కాగితం మీద వేశాను. ఆయన నవ్వారు. ఉద్యోగం వచ్చింది. తర్వాత ఆయనే చెప్పారు, ‘తెలియదని చెప్పి, వెంటనే లెక్క మొదలుపెట్టావు చూడు, అందుకే తీసుకున్నా’ అని.

రెజ్యూమెలో దీన్ని ఒక్క వాక్యంలో రాయొచ్చు: ‘ముగ్గురుండే ఇంట్లో వేడినీళ్ల విద్యుత్ వాడకం లెక్కించి, ప్రత్యామ్నాయాలు పోల్చి, నెల వాడకాన్ని 200 యూనిట్ల లోపుకు తెచ్చి, మీటర్ రీడింగ్‌తో నిర్ధారించాను.’ సమస్య, లెక్క, నిర్ణయం, రుజువు నాలుగూ అందులో ఉన్నాయి. అయితే మీరు నిజంగా చేస్తేనే రాయండి. ఒక్క ప్రశ్నతో దొరికిపోతారు.

ఇలాంటివి అడగొచ్చు

* హీట్ పంప్ ఒక యూనిట్ తీసుకుని మూడు యూనిట్ల వేడి ఇస్తే శక్తి నిత్యత్వ నియమం ఏమైనట్టు? అది కరెంటును వేడిగా మార్చడం లేదు. గాలిలో ఉన్న వేడిని తరలించడానికి కరెంటును వాడుతోంది. మిగతా రెండు యూనిట్లు గాలి నుంచి వచ్చినవి.
* 3 కిలోవాట్ల గీజర్ 2 కిలోవాట్ల దానికన్నా ఎక్కువ కరెంటు కాలుస్తుందా? అవే నీళ్లను అంతే వేడి చేస్తే యూనిట్లు దాదాపు సమానం. త్వరగా కాగుతాయంతే. కానీ వైరు, సాకెట్ మీద భారం ఎక్కువ.
* ఎంసీబీ ఉండగా ఆర్‌సీసీబీ ఎందుకు? ఎంసీబీ ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ నుంచి వైర్లను కాపాడుతుంది. ఆర్‌సీసీబీ షాక్ నుంచి మనిషిని కాపాడుతుంది.

ఈ లెక్కలే ఉద్యోగమైతే?

మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. స్టార్ లేబుళ్లు 2006లో మొదలయ్యాయి. ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినం జరుపుతారు. చట్టం గుర్తించిన భారీ విద్యుత్, ఇంధన వినియోగ పరిశ్రమలు అర్హత పొందిన ఎనర్జీ మేనేజర్‌ను నియమించుకోవాలి, ఎనర్జీ ఆడిట్ చేయించుకోవాలి. సిమెంట్, స్టీలు, ఎరువులు, కాగితం, థర్మల్ విద్యుత్ కేంద్రాలు అలాంటివే.

ఈ అర్హత కోసం బీఈఈ జాతీయ స్థాయి పరీక్ష ఉంది. ఎనర్జీ మేనేజర్‌కు మూడు పేపర్లు: ఇంధన నిర్వహణ సాధారణాంశాలు, థర్మల్ యుటిలిటీలు, ఎలక్ట్రికల్ యుటిలిటీలు. ఎనర్జీ ఆడిటర్‌కు వీటితో పాటు పరికరాల పనితీరు అంచనా మీద నాలుగో పేపర్. ఇంజినీరింగ్ గ్రాడ్యుయేట్లకు మూడేళ్లు, డిప్లొమా వారికి ఆరేళ్లు సంబంధిత అనుభవం కావాలి. కాబట్టి కాలేజీ నుంచి రాగానే రాసేది కాదు. కానీ ఆ అనుభవం ఎక్కడ సంపాదించాలో ఇప్పుడే ఆలోచించుకోవచ్చు. ఆడిట్ సంస్థల్లో ట్రైనీలుగా, ఫ్యాక్టరీల యుటిలిటీ విభాగాల్లో, ఏసీ, హీట్ పంప్ కంపెనీల్లో, పరికరాలను పరీక్షించే ల్యాబుల్లో, ఐటీ పార్కులు, ఆసుపత్రుల భవన నిర్వహణలో మొదలుపెట్టొచ్చు. మెకానికల్, ఎలక్ట్రికల్ వారికి ఇది నేరుగా పనికొచ్చే దారి. మీటర్ల డేటాను విశ్లేషించే పనులు కంప్యూటర్స్ వారికీ ఉన్నాయి.

ఈ వారం మీ పని

1. మీ గీజర్ మీద లీటర్లు, వాట్లు, స్టాండింగ్ లాస్ అంకె రాసుకోండి. లేబుల్ లేకపోతే అదీ రాయండి.
2. పొద్దున్నే కుళాయి నీటి ఉష్ణోగ్రత కొలవండి. 860 సూత్రంతో నెల యూనిట్లు లెక్కించండి.
3. కరెంటు బిల్లులో మీ స్లాబు, కాంట్రాక్టెడ్ లోడ్ చూడండి. స్లాబు అంచుకు ఎంత దూరంలో ఉన్నారో గుర్తించండి.
4. ఎలక్ట్రీషియన్‌తో బాత్‌రూమ్ పాయింట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి. మిగతా మూడూ వాయిదా వేసినా ఇది వేయొద్దు.
5. హాస్టల్‌లో ఉంటే మొత్తం హాస్టల్‌కి లెక్క వేసి వార్డెన్‌కి చూపించండి. వినకపోయినా, ప్రాజెక్టు మీదే.

నేను ఆ పోర్షన్ ఖాళీ చేసి రెండేళ్లు దాటింది. పోయిన చలికాలం ఓ సాయంత్రం ఓనర్ అంకుల్ నుంచి ఫోన్. ‘బాబూ, పైన రెండు పోర్షన్ల గీజర్లు మార్చాలె. అప్పుడు నువ్వు రాసిన లెక్క ఉండె కదా, అదొకసారి పంపు’ అన్నారు. పంపాను. ఈసారి పైపు సంగతి కూడా కలిపి.